పార్టీ కట్టు ఎందుకు సడలింది? చిత్తూరు, తిరుపతి శ్రామిక వాడల అనుభవం

2024 జూన్ నెలలో ఎన్నికల ఫలితాలు వెలువడిన కొద్ది దినాలకు, మదనపల్లెలోని ఒక మస్జిదులో మగ్రిబ్ నమాజు ముగిసిన పిదప ఒక యువకుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. టమోటా మండీలో హమాలీ పని. మెడ మీద తట్టలు మోసిన రాపిడి గుర్తులు కనబడుతున్నాయి. కొంతసేపు తటపటాయించి అడిగాడు:

"మౌలానా, మా ముఠా మేస్త్రీకి మాట ఇచ్చినాను, రెండు ఓట్లూ ఒకే గుర్తుకు వేస్తామని. లోపలికి పోయినాక అసెంబ్లీకి ఒక గుర్తు నొక్కినాను, పార్లమెంటుకు ఇంకో గుర్తు నొక్కినాను. ఇది మాట తప్పినట్టేనా? గునాహ్ అవుతుందా?"

నేను ఫత్వా ఇచ్చే ముఫ్తీని కాను. అరబీ, ఉర్దూ గ్రంథాలను తెలుగులోకి తెచ్చే అనువాదకుణ్ణి మాత్రమే. ఆ సంగతే చెప్పాను. అతడు లేవలేదు. "మా అబ్బా బతుకంతా ఒకే గుర్తుకు వేసినాడు. నేను చేసింది తెలిస్తే ఇంట్లోకి రానియ్యడు" అన్నాడు. ఆ రోజు నాకు తోచిన రెండు మాటలు చెప్పి పంపాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. తండ్రి వఫాదారీ, కొడుకు సంశయం, ఈ రెంటికీ నడుమ మన జిల్లా శ్రామిక వాడలలో నలభై ఏళ్లుగా జరిగిన మార్పు అంతా ఇమిడి ఉన్నది. ఆ మార్పు ఏమిటి, ఎందుకు వచ్చింది, దానివల్ల కూలిజనానికి ఒరిగినదేమిటి, పోయినదేమిటి అన్న విషయాలను పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసోద్దేశం.

ఒకే దినం, రెండు తీర్పులు

ముందుగా ఆ యువకుడు ఒంటరివాడు కాడన్న సంగతి గమనించాలి. 2024 మే 13వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకు, లోక్‌సభకు ఒకే దినం పోలింగు జరిగింది. ఒకే గదిలో రెండు యంత్రాలు. తెలుగుదేశం, జనసేన, భారతీయ జనతా పార్టీ కూటమిగా ఏర్పడి వైయస్సార్ కాంగ్రెస్‌ను ఎదుర్కొన్నాయి. శాసనసభలోని 175 స్థానాలలో కూటమికి 164 వచ్చాయి. 2019లో 151 స్థానాలు గెలిచిన వైయస్సార్ కాంగ్రెస్ పదకొండుకు దిగజారింది.

తిరుపతి లోక్‌సభ నియోజకవర్గంలో ఏడు శాసనసభ స్థానాలున్నాయి: తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు, సూళ్లూరుపేట, గూడూరు, వెంకటగిరి, సర్వేపల్లి. ఈ ఏడింటినీ కూటమే గెలిచింది. తిరుపతి శాసనసభ స్థానంలో అరవై వేలకు పైబడిన ఆధిక్యం వచ్చింది. ఈ లెక్కన లోక్‌సభ స్థానం కూటమి ఒడిలో పడి ఉండాలి. కాని పడలేదు. అక్కడ కూటమి తరఫున నిలిచిన భాజపా అభ్యర్థి వరప్రసాదరావు ఓడిపోయారు. వైయస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి గురుమూర్తి పద్నాలుగు వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు.

రాజంపేట లోక్‌సభ స్థానంలోనూ ఇటువంటిదే జరిగింది. మదనపల్లె, పీలేరు, పుంగనూరు, తంబళ్లపల్లె దాని కిందికి వస్తాయి. అందులోని ఏడు శాసనసభ స్థానాలలో నాలుగు కూటమికి దక్కాయి. లోక్‌సభకు మాత్రం భాజపా అభ్యర్థి, మాజీ ముఖ్యమంత్రి నల్లారి కిరణ్‌కుమార్ రెడ్డి ఓడి, వైయస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి మిథున్ రెడ్డి గెలిచారు. చిత్తూరు లోక్‌సభ స్థానంలో కూటమి తరఫున తెలుగుదేశం అభ్యర్థి నిలిచారు, అక్కడ కూటమే గెలిచింది.

ఇందులో ఒక పొరపాటుకు తావున్నది. "ముస్లిములు భాజపాకు వేయలేదు, అందువల్లనే ఇట్లా అయింది" అని కొందరు చప్పున తేల్చివేస్తారు. పాత చిత్తూరు జిల్లాలో ముస్లిములు సుమారు పదింట ఒక వంతు. తిరుపతి లోక్‌సభ పరిధిలో శాసనసభ అభ్యర్థులకు వచ్చిన పెద్ద ఆధిక్యాలు లోక్‌సభకు వచ్చేసరికి తలకిందులు కావాలంటే, ఒక్క మన ఓట్లు చాలవు. హిందూ సోదరులలోనూ, దళిత వాడలలోనూ ఎందరో రెండు యంత్రాల మీద రెండు గుర్తులు నొక్కి ఉండాలి. కారణాలు కూడా ఒకటి కావు. వరప్రసాదరావు 2014లో వైయస్సార్ కాంగ్రెస్ తరఫున ఇదే తిరుపతి నుండి లోక్‌సభకు ఎన్నికైన వ్యక్తి. ఆ గుర్తును ఒకనాడు ఆయన కోసమే నొక్కిన జనం, ఈసారి ఆయనను కాదని ఆ గుర్తునే నొక్కారు. రాజంపేటలో పెద్దిరెడ్డి కుటుంబపు పలుకుబడి ఉన్నది. ముస్లిం ఓటరుకు మరొక భయం కూడా ఉండినది. ఆ ఎన్నికల ప్రచారంలో భాజపా అగ్రనాయకులు ముస్లిం రిజర్వేషన్లను తొలగిస్తామనగా, అదే కూటమి నాయకుడు చంద్రబాబు నాయుడు నాలుగు శాతం రిజర్వేషన్లు కొనసాగుతాయని అన్నారు. ఒకే వేదిక నుండి రెండు మాటలు వినిపించినప్పుడు, వినేవాడు రెండు గుర్తులు నొక్కడంలో వింత ఏమున్నది?

ఎవరు ముందు కదిలారు?

"ఈ కాలపు జనానికి నిలకడ లేదు. మా కాలంలో ఒక పార్టీ అంటే ఒక పార్టీయే" అని పెద్దలు అంటూ ఉంటారు. ఈ ఆరోపణ న్యాయమైనదేనా అని జిల్లా చరిత్రను అడిగి చూద్దాం.

1983కు పూర్వం కూలివాడల ఓటులో అధిక భాగం కాంగ్రెస్‌ది. ఎర్రజెండా సంఘాలు కూలి రేట్ల కోసం పోరాడేవి. వాటిలో సభ్యుడిగా ఉన్నవాడే ఎన్నికలనాడు కాంగ్రెస్‌కు వేయడం మామూలు. 1982 మార్చి 29న ఎన్.టి.రామారావు తెలుగుదేశం స్థాపించారు. తొమ్మిది నెలలు గడిచేసరికి, 1983 జనవరి ఎన్నికలలో, ఆ పార్టీ అధికారంలోకి వచ్చింది. రామారావు స్వయంగా గుడివాడతోపాటు తిరుపతి నుండి కూడా పోటీ చేసి గెలిచారు. పక్కనే ఉన్న చంద్రగిరిలో 1978లో కాంగ్రెస్ తరఫున గెలిచి మంత్రి కూడా అయిన చంద్రబాబు నాయుడు, 1983లో కాంగ్రెస్ అభ్యర్థిగానే తెలుగుదేశం చేతిలో ఓడిపోయారు. ఓటమి తరువాతనే ఆయన తెలుగుదేశంలో చేరారు. అంటే ఆనాడు ముందు కదిలింది ఓటరు. నాయకుడు ఓటరు వెనుక నడిచాడు.

తరువాతి కాలంలో ఈ క్రమం తిరగబడింది. తిరుపతి శాసనసభ స్థానాన్నే తీసుకుందాం. 2004లో కాంగ్రెస్ అభ్యర్థి వెంకటరమణ గెలిచారు. 2009లో ప్రజారాజ్యం స్థాపకుడు చిరంజీవి గెలిచారు, కాంగ్రెస్ అభ్యర్థి భూమన కరుణాకర రెడ్డి ఓడారు. 2011లో ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో కలిసిపోయింది. కాంగ్రెస్‌ను ఓడించడానికి వేసిన ఓటు, వేసినవాణ్ణి అడగకుండానే కాంగ్రెస్ ఖాతాలో జమ అయింది. 2012 ఉపఎన్నికలో అదే కరుణాకర రెడ్డి వైయస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచారు. 2014లో అదే వెంకటరమణ తెలుగుదేశం తరఫున గెలిచారు. 2019లో మళ్లీ కరుణాకర రెడ్డి 708 ఓట్ల తేడాతో బయటపడ్డారు. 2024లో జనసేన తరఫున గెలిచిన ఆరణి శ్రీనివాసులు 2019లో చిత్తూరు నుండి వైయస్సార్ కాంగ్రెస్ శాసనసభ్యుడు. సత్యవేడులో 2019లో వైయస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచిన ఆదిమూలం, 2024లో తెలుగుదేశం తరఫున గెలిచారు.

మదనపల్లె సంగతి మన పాఠకులకు మరింత దగ్గరిది. 2009లో కాంగ్రెస్ తరఫున షాజహాన్ బాషా గెలిచారు. 2014లో వైయస్సార్ కాంగ్రెస్ తరఫున దేశాయి తిప్పారెడ్డి, 2019లో అదే పార్టీ తరఫున నవాజ్ బాషా గెలిచారు. 2024లో ఆ పార్టీ నవాజ్ బాషాకు టికెట్టు ఇవ్వక నిసార్ అహ్మద్‌ను నిలబెట్టింది. తెలుగుదేశం షాజహాన్ బాషాను నిలబెట్టింది. కొద్ది వేల ఓట్ల తేడాతో షాజహాన్ బాషా గెలిచారు. రెండు ప్రధాన పక్షాలూ ముస్లిం అభ్యర్థులనే నిలిపినప్పుడు "మనవాడు" అనే మాట ఎవరికి వేయాలో చెప్పజాలదు.

కనుక నిలకడ లేనిది ఓటరుకేనా? ఒకే మనిషిని నమ్మి మూడుసార్లు ఓటు వేసినవాడు, తాను కదలకుండానే రెండు మూడు పార్టీల వాడిగా లెక్కకు వస్తున్నాడు. ఒకే గుర్తును నమ్మినవాడు, మనుషులు మారుతుండగా చూస్తూ నిలబడ్డాడు. మనిషిని నమ్మినా, గుర్తును నమ్మినా, తన కాళ్ల కింది నేలే జరిగిపోయింది.

కట్టు ఉండినది పనిలో

నాయకుల వలసలు ఒక కారణమే. అంతకంటె లోతైన కారణం ఒకటున్నది. పార్టీ కట్టు అనేది కేవలం మనస్సులో ఉండేది కాదు. అది పనిచోటులో ఉండేది.

హమాలీ ముఠానే చూడండి. ముఠాలో ఇరవై మంది ఉంటారు. దిగిన సరుకు లెక్క మేస్త్రీ వద్ద ఉంటుంది. సాయంకాలం కూలి అతడే పంచుతాడు. పెళ్లికి, చావుకు చేబదులు ఇచ్చేదీ, జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకుపోయేదీ అతడే. రేషను కార్డు కావాలన్నా, పింఛను కావాలన్నా అతని వెంట నాయకుని ఇంటికి పోవాలి. అందువల్ల మేస్త్రీ ఏ గుర్తు చెబితే ముఠా ఆ గుర్తుకు వేసేది. అది బానిసత్వం అని ఊరకే అనలేము. ఇరవై ఓట్లు ఒకటిగా ఉన్నందువల్లనే నాయకుడు మేస్త్రీ మాట వినేవాడు. మొహల్లా పెద్ద, కార్ఖానా సంఘం కార్యదర్శి, డిపో యూనియన్ నాయకుడు, వీరందరూ ఇటువంటి కట్టుకు ముడులే.

ఆ ముడులు ఒక్కొక్కటిగా విప్పుకున్నాయి. చిత్తూరులోని సహకార పాలడెయిరీ 2002లో మూతపడింది. చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ, రేణిగుంట వద్ద గాజులమండ్యం చక్కెర ఫ్యాక్టరీ కూడా చెరకు ఆడించడం మానుకున్నాయి. తిరుపతిలో పని పెరిగింది గాని, ఆ పనిలో చాలా భాగం కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగు పద్ధతిలోకి పోయింది. ఒకే చోట ఊడ్చే ఇద్దరికి ఇద్దరు కాంట్రాక్టర్లు. ఆటో నడిపేవాడికి, తోపుడుబండి మీద పండ్లు అమ్మేవాడికి, ఇంటి వద్ద కుట్టుమిషను తొక్కే స్త్రీకి పనిచోటే లేదు, సంఘం ఎక్కడిది? మండీలో ముఠా మిగిలింది గాని, మేస్త్రీ చేతిలో ఉండిన రేషను కార్డు, పింఛను ఇప్పుడు అతని చేతిలో లేవు.

అవి ఎక్కడికి పోయాయి? నేరుగా ఇంటికి వచ్చాయి. 1983లో రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చింది. 2011లో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం రూపాయికే ఇచ్చింది. వృద్ధాప్య పింఛను 2004కు ముందు 75 రూపాయలు. రాజశేఖర రెడ్డి కాలంలో 200 అయింది. 2014లో చంద్రబాబు ప్రభుత్వం వెయ్యి చేసింది, 2019 ఎన్నికల ముందు రెండు వేలు చేసింది. జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వం 2,250తో మొదలుపెట్టి 2024 జనవరికి మూడు వేలకు తెచ్చింది. మళ్లీ వచ్చిన చంద్రబాబు ప్రభుత్వం 2024 జూలైలో నాలుగు వేలు చేసింది.

ఈ అంకెలను వరుసగా చదివితే ఒక పాఠం కనబడుతుంది. కూలివాడు ఒక పార్టీకి అంటిపెట్టుకున్నందువల్ల పింఛను పెరగలేదు. ఒకరిని దింపి మరొకరిని ఎక్కించే శక్తి అతనికి ఉన్నదని పార్టీలు భయపడినందువల్ల పెరిగింది. పాత చిత్తూరు జిల్లాలోని 14 స్థానాలలో 2014లో వైయస్సార్ కాంగ్రెస్‌కు ఎనిమిది, తెలుగుదేశానికి ఆరు. 2019లో వైయస్సార్ కాంగ్రెస్‌కు పదమూడు, తెలుగుదేశానికి ఒక్క కుప్పం. 2024లో కూటమికి పన్నెండు, వైయస్సార్ కాంగ్రెస్‌కు పుంగనూరు, తంబళ్లపల్లె మాత్రమే. ఇట్లా ఊగే జిల్లాను ఏ పార్టీ నిర్లక్ష్యం చేయజాలదు. తండ్రి తన వఫాదారీతో సాధించలేనిది కొడుకు తన చంచలత్వంతో సాధించాడని చెప్పవచ్చు.

కాని ఇది సగం సత్యమే. మిగతా సగం చెప్పబోయే ముందు, ఇది మన జిల్లాకే ప్రత్యేకమైన వింత కాదని చూపడానికి కొంచెం దూరం పోయి రావలసి ఉన్నది.

ఇంగ్లండు గనుల ఊళ్లలో

ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలోనూ మధ్య ప్రాంతంలోనూ బొగ్గు గనులు, బట్టల మిల్లులు ఉన్న ఊళ్లు తరతరాలుగా లేబర్ పార్టీకి కోటలు. గని కార్మికుడు యూనియన్‌లో సభ్యుడు, యూనియన్ లేబర్ పార్టీకి మూలస్తంభం. 1984–85 గని కార్మికుల సమ్మె ఓడిపోయింది. గనులు మూతపడ్డాయి. అయినా ఓటు చాలాకాలం పాత అలవాటు మీద నడిచింది. 2019 డిసెంబరు ఎన్నికలలో ఆ గోడ కూలింది. 1970 నుండి డెనిస్ స్కిన్నర్ అనే మాజీ గని కార్మికుడు ప్రాతినిధ్యం వహించిన బోల్సోవర్ కన్సర్వేటివ్‌ల పరమైంది. బ్లైత్ వ్యాలీ కూడా అదే దారి పట్టింది. పని పోయిన ముప్పై ఏళ్లకు గాని కట్టు పోలేదన్నమాట.

2024 జూలైలో లేబర్ 411 స్థానాలతో తిరిగి అధికారంలోకి వచ్చింది. ఆ గాలిలోనే ముస్లిం కార్మికులు, వారి సంతానం అధికంగా ఉన్న లీస్టర్ సౌత్, బ్లాక్‌బర్న్, డ్యూస్‌బరీ–బ్యాట్లీ, బర్మింగ్‌హామ్ పెరీ బార్ అనే నాలుగు చోట్ల లేబర్ అభ్యర్థులను స్వతంత్ర ముస్లిం అభ్యర్థులు ఓడించారు. గాజా యుద్ధం విషయంలో లేబర్ నాయకత్వపు వైఖరి ముఖ్యకారణం. ఆ ఊళ్లలో మిల్లుల పని కోసం గుజరాత్ నుండి, పాకిస్తాన్ నుండి వెళ్లిన మొదటి తరం వారు బిరాదరీ పెద్దల మాట మీద లేబర్‌కు ఓటు వేసేవారు. మనుమల తరం ఆ మాటను దాటింది. మదనపల్లె మండీలో మేస్త్రీ మాట, బ్లాక్‌బర్న్‌లో బిరాదరీ పెద్ద మాట ఒకే జాతివి. వాటికి పట్టిన గతీ ఒకటే.

ఒక అరబీ పదం, రెండు అర్థాలు

ఈ కట్టుకు అరబీలో ఒక పేరున్నది: అసబియ్యత్. అనువాదకుణ్ణి తికమకపెట్టే పదం ఇది. హదీసు గ్రంథాలలో ఈ పదం నిందార్థంలో వస్తుంది. మనిషి తన వారిని ప్రేమించడం అసబియ్యత్ అవుతుందా అని అడిగినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కాదన్నారు. తనవారు అన్యాయం చేస్తున్నా వారికే తోడ్పడడం అసబియ్యత్ అని వివరించారు. ఆ చోట "వర్గ దురభిమానం" అని తెలుగు చేస్తే సరిపోతుంది.

ఇబ్నె ఖల్దూన్ (1332–1406) తన ముఖద్దిమాలో ఇదే పదాన్ని వేరుగా వాడారు. అక్కడ అది సమాజాన్ని నిలబెట్టే బంధం. రక్తసంబంధం వల్ల, కలిసి బతకడం వల్ల, ఒకరి కష్టానికి మరొకరు నిలవడం వల్ల అది పుడుతుంది. బతుకుతెరువు మారినప్పుడు సడలిపోతుంది. రాజ్యాలు మూడు తరాలలో క్షీణించడానికి ఈ సడలింపే కారణమని ఆయన చూపారు. ఆ చోట "దురభిమానం" అని వ్రాస్తే గ్రంథకర్తకు ద్రోహం చేసినట్టే. "సంఘబంధం" అని వ్రాయాలి.

మన శ్రామిక వాడల పార్టీ కట్టులో ఈ రెండు అర్థాలూ కలిసి ఉండేవి. ఒకరికొకరు నిలిచే బంధం ఒకటి, మంచిచెడ్డలు చూడకుండా గుర్తును పట్టుకునే దురభిమానం మరొకటి. దురభిమానం సడలినందుకు విచారించనక్కర లేదు. దానితోపాటు బంధం కూడా సడలడమే కష్టం తెచ్చింది.

పొందినది, పోగొట్టుకున్నది

ఇప్పుడు మిగతా సగం సత్యానికి వద్దాం. ఒంటరి ఓటు వల్ల ఏమి వస్తుంది? ఒంటరిగా అందుకోగలిగినదల్లా వస్తుంది. పింఛను, బియ్యం, ఖాతాలో పడే నగదు అటువంటివి. కలిసి అడిగితే గాని రానివి ఒంటరి ఓటుతో రావు.

చిత్తూరు డెయిరీ మూతపడ్డాక కాంగ్రెస్ పదేళ్లు పాలించింది, తెలుగుదేశం ఐదేళ్లు పాలించింది. డెయిరీ తలుపు తెరుచుకోలేదు. 2023 జూలైలో వైయస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం దాన్ని అమూల్‌కు అప్పగించి భూమిపూజ చేసింది. పింఛను పెరుగుతూ వచ్చిన కాలంలోనే, ఒక డెయిరీ ఇరవై ఏళ్లకు పైగా మూతపడి ఉండడం మనం ఆలోచించవలసిన విషయం. పింఛను అడిగేవారు ఇంటింటా ఉన్నారు. డెయిరీ అడగవలసిన కార్మికులు మాత్రం చెదిరిపోయారు.

ముస్లిముల ప్రత్యేక సమస్యలు కూడా ఈ రెండవ జాతివే. నాలుగు శాతం రిజర్వేషన్ 2007 చట్టం ద్వారా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.–ఇ పేరుతో వచ్చింది. 2010లో హైకోర్టు కొట్టివేయగా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద అది నిలిచింది. దాన్ని కాపాడేది ఒక్కరి ఓటు కాదు. న్యాయస్థానంలో వాదించగల, వెనుకబాటుతనాన్ని లెక్కలతో చూపగల సంఘటిత శక్తి కావాలి.

పార్లమెంటులో పార్టీల నడతను చూడండి. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ బిల్లుకు తెలుగుదేశం, వైయస్సార్ కాంగ్రెస్ రెండూ అనుకూలంగా ఓటు వేశాయి. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లుకు తెలుగుదేశం మద్దతునిచ్చింది, వైయస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకించింది. మొదటి బిల్లునాడు మన జిల్లా ముస్లిం ఓటరుకు ఈ రెంటిలో ఏదీ అండగా లేదు. రెండవనాడు, శాసనసభకు తాను గెలిపించిన పార్టీ ఒకవైపు, లోక్‌సభకు తాను గెలిపించిన పార్టీ మరొకవైపు నిలిచాయి. పార్టీ వఫాదారీ ఏకపక్షంగా ఉండడానికి వీలులేదని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. పార్టీలు తమ అవసరాన్ని బట్టి కదులుతాయి. అట్లా కదిలే ముందు మనలను అడగవలసిన అవసరం వాటికి కలగాలంటే, ఎన్నికలనాడు మాత్రమే కాక నడుమనున్న ఐదేళ్లలోనూ మనం కలిసి ఉండాలి.

ఆ కలయిక మతం పేరుతో ఉంటే చాలదు. మండీలో తట్ట మోసే ముస్లిముకూ, పక్కన మోసే దళితునికీ కూలి రేటు ఒకటే. డెయిరీ మూతపడినప్పుడు రోడ్డున పడినవారిలో అన్ని కులాలవారూ ఉన్నారు. కనుక పనిచోటి బంధం పనివారందరితోనూ, వక్ఫ్, రిజర్వేషన్ వంటి విషయాలలో బంధం సముదాయంతోనూ ఉండడం న్యాయం. ఒకదానికి మరొకటి అడ్డు కాదు.

ఆ యువకునికి చెప్పిన మాట

చివరికి హమాలీ ప్రశ్న మిగిలింది. ఓటు గురించి ముఫ్తీ ముహమ్మద్ షఫీ గారు తమ వ్యాఖ్యానగ్రంథం మఆరిఫుల్ ఖుర్‌ఆన్‌లో చేసిన వివరణ మన ఆలిములకు సుపరిచితం. ఓటుకు మూడు ముఖాలున్నాయని ఆయన అభిప్రాయం. మొదటిది షహాదత్, అనగా ఈ అభ్యర్థి యోగ్యుడని ఇచ్చే సాక్ష్యం. రెండవది షఫాఅత్, అనగా సిఫారసు. మూడవది వకాలత్, అనగా తన పక్షాన, సముదాయం పక్షాన పనిచేయడానికి ఒకరిని నియమించడం. దివ్య ఖుర్‌ఆన్ నిసా సూరాలో (4:135) సాక్ష్యం తన మీదికి వచ్చినా, తల్లిదండ్రుల మీదికి వచ్చినా న్యాయం వైపే నిలవాలని ఆదేశం ఉన్నది. అదే సూరాలో (4:58) అమానతులను వాటికి అర్హులైనవారికే అప్పగించాలని ఆదేశం ఉన్నది.

ఓటు సాక్ష్యమైతే, దాన్ని మేస్త్రీకి ముందుగా వాగ్దానం చేయడమెట్లా? సాక్షి కోర్టుకు పోకముందే ఏమి చెప్పాలో ఒకరికి మాట ఇచ్చినట్టవుతుంది గదా! ఆ యువకునితో ఆనాడు నేను అన్నది ఇంతే: "బేటా, మాటకున్న విలువ చిన్నది కాదు. అందుకే నీవు నిలుపుకోలేని మాట, నీవు ఇవ్వదగని మాట ఇవ్వకూడదు. నీ పొరపాటు బటను నొక్కడంలో లేదు, మాట ఇవ్వడంలో ఉన్నది. ఈసారి మేస్త్రీ అడిగితే, ఓటు సాక్ష్యం, అది నాది, కూలి రేటు కోసమైతే నీ వెంట ఎక్కడికైనా వస్తాను అని చెప్పు. మిగతా సంగతి ఆలిములను అడుగు."

అతడు కొంచెంసేపు ఆలోచించి, "కూలి రేటు కోసం మా మేస్త్రీ ఎక్కడికీ పోవడం లేదు మౌలానా, అదే గదా బాధ" అన్నాడు.

నేను ఇంత వ్యాసంలో చెప్పబూనినది అతడు ఆ ఒక్క మాటలో చెప్పాడు. మన వాడలలో ఓటరు పార్టీని విడిచినందువల్ల నష్టం రాలేదు. పార్టీని విడిచినవాడికి పట్టుకోవడానికి తోటివాడి చెయ్యి మిగలకపోవడం వల్ల వచ్చింది. గుర్తును మార్చే స్వేచ్ఛ సంపాదించుకున్నాము. ఆ స్వేచ్ఛ నగదు రూపంలో ఇంటికి వచ్చింది. ఇక డెయిరీ వాకిలి వద్దకు, మండీ కమిటీ గది వద్దకు, వక్ఫ్ దస్తావేజుల వద్దకు కలిసి నడిచే సంఘబంధాన్ని తిరిగి కట్టుకోవలసి ఉన్నది.